రెండోసారి వేసిన ఆకాశం

జనవరి 22, గురువారం
కాలేజీ హాస్టలు

పెద్దనాన్నా,

నీకు ఫోను వినపడదు కాబట్టి నాన్న నా మీద అరిచాడు. "మీ పెద్దనాన్నకి నువ్వన్నా ఉత్తరం రాసి బుద్ధి చెప్పు" అన్నాడు. తమ్ముడి మాటే విననివాడు నా మాట వింటాడా అంటే, "నువ్వు రాస్తే కనీసం చదువుతాడు, నేను రాస్తే బీరువాలో పడేస్తాడు" అన్నాడు. అందుకే రాస్తున్నాను. నీ కంటికి శ్రమ లేకుండా నల్ల స్కెచ్ పెన్నుతో, పేజీకి పది లైన్లే.

నేను విన్నది ఇది. నీకు మిగిలిన ఎడమ కంట్లో వెనక పొర కొంచెం కొంచెంగా ఊడుతోందని డాక్టరమ్మ చెప్పింది. ఫిబ్రవరి పదహారున ఆపరేషన్ చేస్తానంది. అది దాటితే చూపు నిలబెట్టడం తన చేతుల్లో ఉండదని కూడా అంది. నువ్వేమో ఫిబ్రవరి ఇరవై ఎనిమిది వెళ్ళాక చూద్దామన్నావు. కారణమేంటంటే, ఆ రోజు ఏదో గ్రహం వచ్చి భూమిని గుద్దేస్తుందని సెలూన్లో వీడియో చూశావట!

సినిమా హాల్లో నలభై ఏళ్ళు ఆపరేటర్‌గా చేసినవాడివి. ఎన్ని ప్రళయాలు నీ చేత్తోనే వేసి, ఇంటర్వెల్‌లో టీ తాగొచ్చావు! నువ్వు భయపడటమేంటి?

మా కాలేజీ వెనక కొండ మీద అబ్జర్వేటరీ ఉందని చెప్పాను కదా. ఈ ఏడాది నుంచి ప్రతి శనివారం సాయంత్రం ఏడింటికి, టెలిస్కోపులో కనిపించేదాన్ని ఇంటర్నెట్‌లో అందరికీ లైవ్‌గా చూపిస్తున్నాం. నేను వ్యాఖ్యాతని. (ఈ మాట నాకు భలే నచ్చింది. టెలిస్కోపుని దుర్భిణి అంటారని కూడా ఈ మధ్యే తెలిసింది. నోట్‌బుక్‌లో రెండూ పక్కపక్కనే రాసుకున్నాను.) జనం ప్రశ్నలు పంపుతారు, మా మేడం జవాబు చెప్తారు, నేను దాన్ని సులువు చేసి చెప్తాను. పది ప్రశ్నల్లో నాలుగు నీ గ్రహం గురించే. ఒకావిడ పిల్లల్ని బడి మాన్పించేసిందట. ఒకాయన పెళ్ళి వాయిదా వేసుకున్నాడు, అదే సాకో ఏమో తెలీదు.

విను. ఐదు వారాల్లో భూమిని గుద్దబోయే గ్రహమే ఉంటే, ఈపాటికి అది శుక్రుడిలా ధగధగలాడుతూ మామూలు కంటికే కనపడాలి. టెలిస్కోపు అక్కర్లేదు. సూర్యుడి పక్కన రెండో సూర్యుడున్న ఫోటో ఒట్టి లెన్సు మాయ. కాబట్టి భయపడకు. కింద జిరాక్సు అత్త షాపులో కంప్యూటర్ ఉంది కదా, శనివారం అక్కడ కూచుని మా కార్యక్రమం చూడు. అస్సలు భయపడకు.

నీ కుడి కన్ను పోయినప్పుడు పరీక్షలని చెప్పి నేను రాలేదు. అవి అంత పెద్ద పరీక్షలేం కాదు. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా బాధగా ఉంటుంది. ఈసారన్నా నేను పనికి రావాలి.

నీ మాటల పుట్ట


జనవరి 27, మంగళవారం

మాటల పుట్టకి పెద్దనాన్న దీవెనలు.

పేజీకి పది లైన్లు రాస్తే నీ ఉత్తరం పధ్నాలుగు పేజీలైంది. పోస్టుమాన్ కోర్టు కాగితాలేమో అనుకుని, "ఏం చేశారండీ?" అని అడిగాడు. ఇంకా ఏం చెయ్యలేదన్నాను.

భయపడకు, భయపడకు అని రాశావు. నాకు భయమని నీకెవరు చెప్పారే? మీ నాన్నా? వాడికి చిన్నప్పుడు బొద్దింకంటే భయం. అందరూ తనలాంటి వాళ్ళే అనుకుంటాడు.

అసలు సంగతి చెప్తాను. ఈ ఆపరేషన్ చేసి కంట్లో గాలిబుడగ ఒకటి పెడతారట. అది పైకి తేలి వెనక పొరని అదిమి పట్టాలంటే మొహం నేలకేసి ఉంచాలి. పధ్నాలుగు రోజులు బోర్లా పడుకోవాలి. అన్నం తినేటప్పుడు కూడా తల వంచుకునే ఉండాలట. పదహారు నుంచి లెక్కేస్తే మార్చి రెండు దాకా. మధ్యలో ఇరవై ఎనిమిది వస్తుంది. వీడియోవాడు చెప్పేది నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు అబద్ధమే అనుకో. మిగిలిన ఒక పాలు సంగతేంటి? లోకమంతా తలెత్తి చూస్తుంటే నేనొక్కణ్ణీ దిండులో మొహం పెట్టుకుని పడుండాలా? నలభై ఏళ్ళు అందరికీ బొమ్మ వేశాను. నేను మాత్రం క్యాబిన్ గోడకున్న జానెడు కంతలోంచి సగం సగం చూశాను. ఆఖరి ఆటన్నా కుర్చీలో కూచుని చూద్దామని నా కోరిక. ఒక కన్ను చాలు దానికి.

ఆ రెండో సూర్యుడి సంగతి నాకు నేర్పకు. చూడగానే లెన్సులో మెరుపని సెలూన్‌వాడికి చెప్పాను. వాడు కత్తెర పక్కన పెట్టి వాదనకి దిగాడు. అరగంట సగం తలతో కూచున్నాను.

కానీ వాడు ఇంకో మాటన్నాడు. అది చీకటి గ్రహమట, వెలుగే ఉండదట. మృగశిర చుక్కలకి కొంచెం పక్కన ఉందట. తెలిసినవాళ్ళు చెప్పరట. ఈ చివరి ముక్క దగ్గర నేను ఆగిపోయాను. ఒకసారి మ్యాటనీలో రీలు అంటుకుంది. ఎనభై అడుగులు కాలిపోతే కోసి, అతికించి, వేసేశాను. హీరోయిన్ తండ్రి చచ్చిపోయే సీను మొత్తం పోయింది. ఆ తర్వాతి సీనులో ఆవిడ ఏడుస్తోంది. హాల్లో ఒక్కడంటే ఒక్కడు "ఎందుకేడుస్తోంది?" అని అడగలేదు. పైగా వాళ్ళూ ఏడ్చారు. అప్పుడు తెలిసింది, చూపించనిదేంటో యంత్రం వెనక ఉన్నవాడికే తెలుస్తుందని.

మరి మీ యంత్రం వెనక ఎవరున్నారే?

ఉంటాను. బియ్యం కడగాలి.
పెద్దనాన్న


ఫిబ్రవరి 1, ఆదివారం

పెద్దనాన్నా,

మా యంత్రం వెనక నేనున్నాను.

ఈ ఒక్క వాక్యమే రాసి కవరు అంటించేద్దామనుకున్నాను, అంత బాగుందనిపించింది. కానీ నీకు ఇంకో సంగతి చెప్పాలి. నీ ఉత్తరం మా మేడంకి చదివి వినిపించాను. (కోప్పడకు. బొద్దింక సంగతి చదవలేదు.) ఆవిడ నవ్వలేదు. "మీ పెద్దనాన్నగారు అడిగింది న్యాయమైన ప్రశ్న. చీకటి వస్తువైనా సరే, వెనకున్న చుక్కల్ని కప్పుతుంది కదా. ఆ చోటికే తిప్పి చూపిద్దాం" అన్నారు. ఏడో తారీఖు శనివారం పది నిమిషాలు మృగశిర పక్కన నువ్వు చెప్పిన చోటే చూపిస్తాం.

మా గది ఎలా ఉంటుందో చెప్తాను. పైన గోపురం, దాని కప్పు చీలి పక్కకి జరుగుతుంది. కింద మెట్ల పక్కన చిన్న గది, రెండు కంప్యూటర్లు, మైకు, ఒక కాలు పొట్టిగా ఉన్న కుర్చీ. ఆ కుర్చీ నాది. బొమ్మ ఎప్పుడు వెయ్యాలి, ఎప్పుడు ఆపాలి, అంతా నా బటన్ల మీదే. నువ్వు క్యాబిన్లో చేసిన పనే నేను చేస్తున్నాననిపించి గర్వంగా ఉంటుంది. చిన్నప్పుడు నీ క్యాబిన్‌కి వచ్చి పనికిరాని ఫిలిం ముక్కలు ఏరుకునేదాన్ని కదా.

నువ్వు కుర్చీలో కూచుని చూడాలన్నది నాకు అర్థమైంది. అయినా లోపల కొంచెం భయం ఉండే ఉంటుంది, నువ్వు ఒప్పుకోవు అంతే. భయాన్ని తరిమేయడమే మా కార్యక్రమం పని. ధైర్యం అనే మాట రాస్తుంటేనే నాకు ధైర్యంగా ఉంటుంది తెలుసా?

శనివారం ఏడింటికి. మర్చిపోకు.
నీ వ్యాఖ్యాత


ఫిబ్రవరి 8, ఆదివారం

మాటల పుట్టా,

చూశాను. నీ గొంతు నాకు సరిగ్గా వినపడలేదు కానీ జిరాక్సు చెల్లెమ్మ నా చెవి దగ్గర చేరి ఒక్కో మాటా అరిచి చెప్పింది. జిరాక్సుకొచ్చిన నలుగురు పని మర్చిపోయి మా వెనకే నిలబడ్డారు. వాళ్ళందరికీ నా తమ్ముడి కూతురని చెప్పాను. చెల్లెమ్మ నాకంటే ముందే చెప్పేసింది.

నేనొక పని చేశాను. చెల్లెమ్మ దగ్గర ట్రేసింగ్ కాగితం అడిగి, కంప్యూటర్ అద్దం మీద పరిచి, కనిపించిన ప్రతి చుక్కనీ పెన్సిల్‌తో గుర్తు పెట్టాను. మొత్తం ముప్ఫై ఒకటి. కుడి మూలన ఒక చుక్క బొమ్మ అంచుకి సగం తెగింది, దాన్నీ సగమే గీశాను. ఇంకొకటి, నాలుగో నిమిషంలో ఎడమ వైపు కింద నుంచి చిన్న చుక్క ఒకటి చీమలా పాకుతూ వచ్చి సరిగ్గా మధ్యలో ఆరిపోయింది. అదేంటో రాయి. బాగుంది.

ఇప్పుడు నా మాట విను. ఒక్క రోజు చూస్తే ఏం తెలుస్తుంది? అది చీకటిదైతే, కదిలేదైతే, వారం తర్వాత ఇంకో చుక్కని కప్పాలి. కాబట్టి పధ్నాలుగో తారీఖు మళ్ళీ అదే చోటు చూపించు. నా కాగితం పెట్టి చూసుకుంటాను. ముప్ఫై ఒకటీ ఉంటే నీ మాటే నెగ్గినట్టు. పదిహేను మధ్యాహ్నానికి ఆస్పత్రిలో చేరాలంది డాక్టరమ్మ. పొద్దుటి బస్సుకి వెళ్ళిపోతాను. బోర్లా పడుకుంటాను. ఇరవై ఎనిమిదిన దిండులోకే చూస్తాను. సరేనా?

పోస్టువాళ్ళు సమ్మె చేస్తారంటున్నారు. ఈ ఉత్తరం ఆలస్యమైతే ఎలాగని, మళ్ళీ చూపించమని మాత్రం చెల్లెమ్మ చేత ఫోన్ చేయిస్తాను.

పెద్దనాన్న


ఫిబ్రవరి 14, శనివారం

పెద్దనాన్నా,

నీ ఉత్తరం ఇంకా రాలేదు. సమ్మె వల్ల సంచులన్నీ ఎక్కడో ఆగిపోయాయట. జిరాక్సు అత్త మాత్రం సోమవారమే ఫోన్ చేసి చెప్పింది, అదే చోటు మళ్ళీ చూపిస్తే ఆపరేషన్‌కి వెళ్తానన్నావని. ఆ మాట వినగానే హాస్టల్ మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను.

ఇప్పుడే కార్యక్రమం అయింది. చూశావు కదా! ఆకాశం అద్దంలా ఉంది. ఎక్కడి చుక్క అక్కడే. ఏదీ రాలేదు, ఏదీ కప్పలేదు. అత్త వెంటనే ఫోన్ చేసి, "మీ పెద్దనాన్న కాగితం పెట్టి అన్నీ లెక్కపెట్టాడు, అన్నీ ఉన్నాయన్నాడు, నేను సంచి సర్దుతున్నా" అంది. నాకు కళ్ళనీళ్ళొచ్చాయి.

ఈ ఉత్తరం నీకు అందేసరికి బోర్లా పడుకుని ఉంటావు. ఎవరి చేతన్నా చదివించుకో. రోజుకొకటి రాస్తాను. లేచాక నువ్వు ఇక్కడికి రావాలి. నీ కంటితో నువ్వే, మధ్యలో ఏ అద్దమూ లేకుండా, దుర్భిణిలో చూడాలి. మేడంని అడిగాను, సరేనన్నారు.

నేను పనికొచ్చాను కదా పెద్దనాన్నా?

నీ మాటల పుట్ట


ఫిబ్రవరి 15, ఆదివారం

అమ్మా,

నేను ఆస్పత్రికి వెళ్ళడం లేదు. కారణం నీకొక్కదానికే రాస్తున్నాను. చెల్లెమ్మకి డాక్టరమ్మ వాయిదా వేసిందని చెప్పాను. మీ నాన్నకీ అదే చెప్పించాను.

నిన్న నా కాగితం పెట్టాను. ముప్ఫై ఒకటీ కూచున్నాయి. చెల్లెమ్మ చప్పట్లు కొట్టింది. నేను మాత్రం కాగితం మీద నుంచి చెయ్యి తియ్యలేదు. కుడి మూలన సగం తెగిన చుక్క, మళ్ళీ అంతే సగం తెగింది. ఒకే రీలుని రెండు ఆటలు వేసినా లెన్సు వెనకుండే గేటులో ఫిలిం వెంట్రుకవాసి అటో ఇటో కూచుంటుంది. వారం తర్వాత తిప్పిన టెలిస్కోపు సరిగ్గా అక్కడే ఆగుతుందా? పోనీలే అనుకున్నాను. నాలుగో నిమిషంలో ఆ చీమ వచ్చింది. అదే మూల నుంచి వచ్చి, అదే చోట ఆరిపోయింది.

పాత రీలు వేశారు.

నా చేతుల మీద రోజుకి నాలుగేసి ఆటల చొప్పున ఎన్ని రీళ్ళు తిరిగాయో నీకు తెలుసు. చూసిన రీలుని గుర్తుపట్టలేనా? దాచాల్సింది లేకపోతే పాతది ఎందుకు వేస్తారు? ఈ వారం అక్కడ ఏదో కనపడింది. జనం గొడవ చేస్తారని మీ పైవాళ్ళు ఆపేశారు. నీ చేత చెప్పించారు. నిన్ను తప్పు పట్టను. మా మేనేజరు వెయ్యమన్నది నేను వేయలేదా?

ఒక్క మాట విను. ఇరవై ఎనిమిదో తారీఖున హాస్టల్లో ఉండకు. ఇంటికెళ్ళు. మీ నాన్న పక్కన ఉండు, వాడు బయటికి గట్టిగా మాట్లాడతాడు కానీ గుండె చిన్నది.

పెద్దనాన్న


ఫిబ్రవరి 19, గురువారం

పెద్దనాన్నగారికి,

ఈ రోజు మధ్యాహ్నం మీ ఉత్తరాలు రెండూ ఒకేసారి వచ్చాయి. ఎనిమిదో తారీఖుది, పదిహేనో తారీఖుది. ముందు ఎనిమిదో తారీఖుది చదివాను.

పైవాళ్ళెవరూ ఏమీ ఆపలేదు. నేనే చేశాను.

శనివారం సాయంత్రం ఆరు నుంచి కొండ మీద మబ్బు. గోపురం తెరవడానికి కూడా లేదు. మేడం, "ఈ రోజు మబ్బు, రేపు చూపిస్తాం అని బోర్డు పెట్టు" అని చెప్పి కిందికి వెళ్ళారు. నేను బోర్డు రాశాను. మళ్ళీ అనుకున్నాను, రేపు అంటే మీరు బస్సెక్కే రోజు. చూడకపోతే మీరు ఎక్కరు. అక్కడ ఏమీ లేదని నాకు తెలుసు. లేనిదాన్ని లేదని చూపించడానికి ఏ రోజు బొమ్మ అయితే ఏంటి అనుకున్నాను. ఏడో తారీఖు రికార్డింగు వేసి, మైకులో "లైవ్" అని చెప్పాను. ప్రశ్నలు చదువుతూ ఉన్నాను, తెర వైపు చూడలేదు. ఆ పాకే చుక్క ఉపగ్రహం. భూమి నీడలోకి వెళ్ళగానే కనపడకుండా పోతుంది. అది ఆ రికార్డింగులో ఉందని కూడా నాకు తెలీదు.

మర్నాడు ఆదివారం సాయంత్రం మబ్బు విడిపోయింది. మేడంతో కలిసి అదే చోటు చూశాను. ఏమీ మారలేదు. నేను ఒక్క రోజు ఆగి ఉంటే సరిపోయేది.

మీకు డాక్టరమ్మ వాయిదా వేసిందని నాన్న చెప్తే నమ్మాను. లోపల సంతోషించాను కూడా, ఎలాగూ ఆగింది కాబట్టి ఈ శనివారం నిజమైనది చూపించొచ్చని. అంత తేలిగ్గా తప్పించుకున్నాననుకున్నాను.

మేడంకి చెప్పాను. "మన మాట ఇంకోసారి నమ్మమని వాళ్ళని ఎలా అడుగుతాం?" అని మాత్రం అన్నారు. ఈ శనివారం మైకు ముందు కూచుని జరిగింది చెప్పేస్తాను. ఆ తర్వాత ఆ కుర్చీలో కూచోను.

జిరాక్సు అత్తకి ఫోన్ చేశాను. మీకు చెప్పమంటే, మీరు తలుపు తియ్యడం లేదంది. నాన్న ఇప్పుడే బయల్దేరాడు, రేపటికి అక్కడుంటాడు. డాక్టరమ్మ ఎప్పుడొచ్చినా చూస్తానంది. దయచేసి నాన్నతో వెళ్ళండి. అక్కడ ఏ గ్రహమూ లేదు. నా మాట మీద నమ్మమని అడగలేను. డాక్టరమ్మ మాట మీద వెళ్ళండి.

నేను రాలేదు. మీకు మొహం చూపించలేక.

మీ తమ్ముడి కూతురు


మార్చి 4, బుధవారం

మాటల పుట్టకి,

ఇది జిరాక్సు చెల్లెమ్మ చేతిరాత. నేను చెప్తుంటే రాస్తోంది. తప్పులుంటే ఆమెవి. (తప్పులేం లేవమ్మా. మీ పెద్దనాన్న మాటలే సగం నోట్లో మింగేస్తాడు.)

నీ ఉత్తరం మీ నాన్న చదివి వినిపించాడు. మధ్యలో రెండుసార్లు ఆగాడు, అయినా చదివాడు. అప్పటికే నాకు చదివే చూపు పోయింది. పద్దెనిమిదో తారీఖు పొద్దున పాలు కాస్తుంటే ముక్కు పక్క నుంచి నల్లటి తెర జరిగింది. హాల్లో తెర జరిగినట్టే, ఏ తొందరా లేకుండా. సాయంత్రానికి సగం, మర్నాటికి మొత్తం. ఎవరికీ చెప్పలేదు. మీ నాన్న వచ్చి ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరమ్మ చూసి, నాలుగు రోజుల ముందు వచ్చి ఉంటే అని ఏదో అనబోయి ఆపేసింది. మంచి మనిషి. ఇప్పుడు కిటికీ ఎటుందో తెలుస్తుంది, అంతే.

ఇరవై ఎనిమిదో తారీఖు సాయంత్రం మేడ మీద కుర్చీ వేయించుకుని కూచున్నాను. చెల్లెమ్మ షాపు మూసేసి వచ్చి పక్కన కూచుంది. కాసేపటికి, "అన్నయ్యా, ఏం లేదు. చుక్కలున్నాయి" అంది. ఎన్ని అనడిగాను. "అన్నిటిని నేనెక్కడ లెక్కపెడతాను, చలేస్తోంది, కిందికి పద" అంది. (నిజంగానే చలేసింది.)

సెలూన్‌వాడు మర్నాడు వచ్చి గడ్డం గీశాడు. వాడు నోరు మూసుకున్నది ఆ ఒక్క రోజే.

ఇప్పుడు నీకు చెప్పాల్సింది. నువ్వు మనసులో పెట్టుకోకు. నేను వెళ్ళేవాణ్ణి కాదే. నీ రీలు పాతదైనా కొత్తదైనా ఏదో ఒక వంక పెట్టేవాణ్ణి. పధ్నాలుగు రోజులు బోర్లా పడుకోవడం నా వల్ల కాదు. ఆ గ్రహం నాకు దొరికిన సాకు. పెళ్ళి వాయిదా వేసుకున్నాయన గురించి రాశావు కదా, అలాంటిదే. కాబట్టి నీ తప్పేం లేదు. మళ్ళీ వెళ్ళి ఆ కుర్చీలో కూచో. ఆపరేటర్ అన్నాక ఒక ఆట పాడవుతుంది.

ఇంకోటి. నన్ను గారు, మీరు అనకు. మీ నాన్న చదువుతుంటే ఎవరికో రాసిన ఉత్తరమనుకున్నాను.

పెద్దనాన్న

అమ్మా, ఈ కింద రాసేది మీ పెద్దనాన్న చెప్పింది కాదు. అన్నయ్యకి తెలీదు. పధ్నాలుగో తారీఖు శనివారం మధ్యాహ్నమే అన్నయ్య బస్టాండుకెళ్ళి టికెట్ తెచ్చుకున్నాడు. బోర్లా పడుకుని తినడానికని గొట్టం ఉన్న గ్లాసు కొనుక్కున్నాడు. "ఇక్కడ మబ్బుగా ఉంది, అక్కడా ఉంటే పిల్ల ఏం చూపిస్తుంది?" అని నేనంటే, "చూపించకపోతే పోనీ, పోయినసారి చూపించింది చాలు, పిల్ల మాట మీదే వెళ్తాను" అన్నాడు. ఇది నీకు రాయాలో వద్దో నాకు తెలీలేదు. రాయకుండా అంటించబోతే చెయ్యి రాలేదు.


మార్చి 9, సోమవారం

పెద్దనాన్నా,

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యడం లేదు. శుక్రవారం పొద్దుటి బస్సుకి నేనే వస్తున్నాను. నీ కుడి చెవి దగ్గర కూచుని నేనే చదువుతాను.

కుర్చీలో నేను కూచోవడం లేదు. ఆ శనివారం మైకులో జరిగిందంతా చెప్పాను. వేరే అబ్బాయి చేస్తున్నాడు. జనం చాలామంది తిట్టారు. తిట్టినవాళ్ళ మాటలు చదవగలిగాను. ఒకామె మాత్రం, "అయితే మిగతా శనివారాలన్నీ నిజమేనా?" అని అడిగింది. పిల్లల్ని బడి మాన్పించినావిడే. ఆమెకి నిజమే అని జవాబు రాశాను. ఆమె మళ్ళీ రాయలేదు. పిల్లలు బడికెళ్తున్నారో లేదో నాకు తెలీదు.

నాకు నువ్వు రాయించిన ఉత్తరం కింద అత్త కొన్ని లైన్లు రాసింది. నీకు తెలీకుండా రాసింది. నిన్న ఫోన్ చేసి, అవి పెద్దనాన్నకి చదివి వినిపించనా అని అడిగాను. "నన్ను తిడతాడు. చదువు" అంది. ఆ ఉత్తరం కూడా తెస్తున్నాను.

నువ్వు వెళ్ళేవాడివని నాకు తెలుసు పెద్దనాన్నా. నేను మబ్బు అని ఒక్క మాట అని ఉంటే వెళ్ళేవాడివి. నా కోసమే, వెళ్ళేవాణ్ణి కాదని రాయించావు. దానికి ఏమనాలో రాయడానికి నోట్‌బుక్ అంతా తిరగేశాను. అందులో లేదు.

ఇక్కడ రాసుకున్నవి అక్కడికొచ్చాక చదవలేనేమోనని భయంగా ఉంది. నోటితో అనలేని లైన్లు కొన్ని ఉన్నాయి. అక్కడ దాటేసి ముందుకెళ్తే నీకు తెలియదు. కాగితం చేతిలో పెట్టినా నువ్వు సరిచూసుకోలేవు. అందుకే ఎంతసేపు పట్టినా ఒక్క లైను కూడా వదలకుండా చదువుతాను. నువ్వు చాలు అన్నా ఆపను.

నీ తమ్ముడి కూతురు